లెక్కకు రాని జీవులు



ఉదయం ప్రయోగశాల కిటికీ తెరిచినప్పుడు చట్టం మీద సన్నని నల్లని పొర ఒకటి మాకు కనిపిస్తుంది. గుడ్డతో తుడుస్తాము. మరునాటికి మళ్లీ పేరుకుంటుంది. ఈ నగరంలో పుట్టి పెరిగిన వారికి ఇందులో వింత ఏమీ లేదు. ఆ దుమ్ము ఎవరిదని విచారణ జరపడం మా ఉద్దేశం కాదు. మా ప్రశ్న వేరు. కిటికీ చట్టాన్ని తుడవడానికి మన చేతిలో గుడ్డ ఉన్నది. నేలను తుడవడానికి ఏ గుడ్డా లేదు. చట్టం మీద వాలిన దుమ్మే పెరటి మీద, పొలం మీద, గెడ్డ ఒడ్డు మీద వాలుతున్నది. అక్కడ చేరినది ఏమవుతున్నది? అక్కడ ఉన్నవారిని ఏమి చేస్తున్నది?

"ఉన్నవారిని" అని మేము తెలిసే అంటున్నాము. పిడికెడు మన్ను నిర్జీవ పదార్థం కాదు. సారవంతమైన నేలలో ఒక గ్రాము మట్టిని తూచి చూస్తే అందులో కోట్ల సంఖ్యలో బాక్టీరియా ఉంటాయి. విశాఖపట్నం జనసంఖ్య కంటె ఎక్కువ జీవులు మన చిటికెన వేలి గోటి మీద పట్టేంత మట్టిలో కాపురముంటున్నాయి. ఈ నగరపు గాలిని కొలుస్తున్నారు, నీటిని కొలుస్తున్నారు. ఈ జీవులను మాత్రం ఎవరూ లెక్కపెట్టడం లేదు. ఆ లెక్క తీయనంత కాలం భారలోహాల వల్ల మన నేలకు కలిగిన నష్టం ఎంతో మనకు తెలియదని మా అభిప్రాయం. ఆ లెక్కను మొదలుపెట్టగల శక్తి మన వంటి చిన్న కళాశాలకు కూడా ఉన్నదని మా విశ్వాసం. ఈ రెండు మాటలను సమర్థించుకోవడానికే ఈ వ్యాసం.

మొదట మన ఊరి చరిత్రను ఒకసారి తలచుకుందాము. మన ఓడరేవు 1933లో తెరుచుకున్నది. దానిని కట్టడానికి ముఖ్యమైన కారణం నాటి మధ్య పరగణాల మాంగనీసు ఖనిజాన్ని విదేశాలకు పంపవలసి రావడం. అనగా ఈ రేవు పుట్టుకలోనే లోహం ఉన్నది. 1957లో చమురు శుద్ధి కర్మాగారం, 1967లో ఎరువుల కర్మాగారం వచ్చాయి. 1976లో బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని పెద్ద ఓడలకు ఎత్తడానికి ఔటర్ హార్బరు సిద్ధమయింది. 1977లో మింది వద్ద హిందుస్థాన్ జింకు సంస్థ వారి కర్మాగారం సంవత్సరానికి 30,000 టన్నుల జింకు తీసే సామర్థ్యంతో పని ప్రారంభించింది. ఇక ఉక్కు కర్మాగారం సంగతి చెప్పనవసరం లేదు. 1966 ఉద్యమంలో 32 మంది ప్రాణాలర్పించారు. 1971లో శ్రీమతి ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. 1992లో శ్రీ పి.వి. నరసింహారావు దానిని జాతికి అంకితం చేశారు.

ఈ చరిత్రను మేము నిందగా చెప్పడం లేదు. మనలో ఎందరి తండ్రులో, అన్నలో ఈ రేవులోనూ ఈ కర్మాగారాలలోనూ చెమటోడ్చి మన ఫీజులు కట్టారు. పరిశ్రమలు పోవాలని కోరుకునే అధికారం మనకు లేదు, అట్టి కోరికా లేదు. అయితే అన్నం పెట్టిన చేతికి నమస్కరిస్తూనే, ఆ చేతికి అంటిన మసి గురించి మాట్లాడుకోవచ్చును. అది కృతఘ్నత కాదు.

విశాఖ భూస్వరూపం కూడా ఈ విషయంలో మనకు అనుకూలం కాదు. ఒక వంక కైలాసగిరి, మరొక వంక యారాడ కొండ, మధ్యలో పళ్లెం వంటి పల్లపు నేల. పరిశ్రమలలో అధిక భాగం ఆ పళ్లెంలోనే ఉన్నాయి. గాలి స్తంభించిన రోజున పైకి లేచినది దూరం పోలేక అక్కడే దిగుతుంది. పాత పట్టణంలో రేవుకు ఎదురుగా మూడు కొండలు ఉన్నాయి. ఒకదానిపై వేంకటేశ్వరస్వామి గుడి, ఒకదానిపై దర్గా, మరొకదానిపై మేరీమాత చర్చి. దుమ్ము ఈ మూడు మెట్ల దారుల మీదా సమానంగానే వాలుతుంది. అది ఏ మతాన్నీ అడగదు. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలోని పారిశ్రామిక ప్రాంతాలకు మార్కులు వేసి తీవ్ర కాలుష్య ప్రాంతాల పట్టిక ప్రకటించినప్పుడు అందులో విశాఖపట్నం పేరు కూడా ఉన్నది.

ఇప్పుడు భారలోహాల సంగతి. సీసం, కాడ్మియం, జింకు, రాగి, నికెల్, క్రోమియం, పాదరసం మొదలైన వాటిని ఈ పేరుతో వ్యవహరిస్తారు. జింకును ఉదాహరణగా తీసుకుందాము. జింకు ఖనిజం గంధకంతో కూడి ఉంటుంది. దానిని బాగా కాల్చి గంధకాన్ని వేరు చేస్తారు. ఆ వాయువు నుండి గంధకామ్లం తయారవుతుంది. మిగిలిన జింకు ఆక్సైడును ఆమ్లంలో కరిగించి, విద్యుత్తు సాయంతో లోహాన్ని వేరుచేస్తారు. ఖనిజంలో జింకు ఒంటరిగా రాదు. దాని వెంట సీసం, కాడ్మియం, ఇనుము వస్తాయి. కాడ్మియం జింకు పరిశ్రమకు ఉపఫలం. ఇనుము జారోసైటు అనే పసుపు రంగు మడ్డిగా మిగులుతుంది. ఇతర లోహాలు కొంతకొంత అందులో ఇమిడి ఉంటాయి. ప్రపంచంలో ఎక్కడ జింకును, సీసాన్ని కరిగించినా చుట్టుపట్ల నేలల్లో ఈ లోహాల జాడ కనిపించడం శాస్త్రజ్ఞులకు చిరపరిచితమైన విషయం.

లోహాలు నేలకు చేరే దారి ఇది ఒక్కటే కాదు. మన దేశంలో 2000 సంవత్సరం వరకు పెట్రోలులో సీసం కలిపేవారు. ఏళ్ల తరబడి ఆ పొగ పడిన రోడ్ల పక్క మట్టిలో ఆ సీసం మిగిలి ఉంటుంది. ఫాస్ఫేటు ఎరువులకు మూలమైన రాతిలో సహజంగానే కొంత కాడ్మియం ఉంటుంది. పాత బ్యాటరీలు విప్పే కొట్లు, తళతళలాడే పూతలు వేసే చిన్న చిన్న షెడ్లు, పాత రంగుల పెచ్చులు ఎవరి వంతు వారు కలుపుతున్నారు. కాబట్టి నేరం ఒకరి మీద మోపి చేతులు దులుపుకోవడానికి వీలులేదు.

ఈ లోహాలకు ఉన్న ముఖ్య లక్షణం ఒకటి గుర్తుంచుకోవాలి. చెత్త కుళ్లుతుంది. చమురును కూడా కొన్ని బాక్టీరియా మెల్లగా తినివేస్తాయి. కాని సీసం ఎన్నటికీ సీసమే, కాడ్మియం ఎన్నటికీ కాడ్మియమే. వాటిని జీర్ణించి మరొకటిగా మార్చగల జీవి లేదు. నేలలో చేరిన లోహం కొంత పైరులోకి పోవచ్చును, కొంత నీటితో కిందికి దిగవచ్చును. మిగిలినది తరతరాలు అక్కడే ఉంటుంది. మింది కర్మాగారంలో 2012లో ఉత్పత్తి ఆగిపోయింది. కొలిమి ఆరితే పొగ ఆగుతుంది. నేల జ్ఞాపకం మాత్రం కొలిమితో పాటు ఆరిపోదు.

ఇక ఆ నేలలో బాక్టీరియా చేస్తున్న పని ఏమిటి? రాలిన ఆకు, ఎండిన వేరు, పశువుల గత్తం వీటిని విడగొట్టి మళ్లీ మొక్కకు ఆహారంగా అందించేది ముఖ్యంగా సూక్ష్మజీవులే. నైట్రోసోమొనాస్ జాతి బాక్టీరియా అమ్మోనియాను నైట్రైటుగా మారుస్తాయి. నైట్రోబాక్టర్ దానిని నైట్రేటుగా మారుస్తుంది. రైజోబియం అనే బాక్టీరియా పెసర, మినుము, బొబ్బర్లు, వేరుశనగ, ఉలవ వంటి పైర్ల వేళ్ల మీద బుడిపెలు కట్టి, గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు ఇస్తుంది. రైతు బస్తా కొని వేయవలసిన ఎరువును ఈ జీవులు ఉచితంగా వేస్తున్నాయి. వీటికి జీతం లేదు, సెలవు లేదు, సంఘం లేదు. అందుకే వీటి పక్షాన మాట్లాడేవారూ లేరు.

ఔషధాల మాట కూడా మరువరాదు. మన భీమవరంలో 1895లో పుట్టిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ సంస్థ పరిశోధనలకు సారథ్యం వహించిన కాలంలో, 1948లో ఆరియోమైసిన్ అనే ఔషధం లోకానికి వెల్లడయింది. దానిని డగ్గర్ అనే శాస్త్రజ్ఞుడు మిస్సోరీ రాష్ట్రంలోని ఒక పొలం మట్టిలో దొరికిన సూక్ష్మజీవి నుండి సాధించాడు. క్షయకు మందైన స్ట్రెప్టోమైసిన్ కూడా నేలలోని సూక్ష్మజీవి ప్రసాదమే. కనుక నేలలోని జీవులను పోగొట్టుకోవడం అంటే పొలాన్ని మాత్రమే కాదు, ఔషధాలయాన్ని కూడా పోగొట్టుకోవడం.

భారలోహం ఈ జీవులను ఎట్లా దెబ్బతీస్తుంది? బాక్టీరియా కణంలోని పనులన్నీ ఎంజైములు నడుపుతాయి. వాటిలో గంధకం ఉన్న చోట్లను కాడ్మియం, పాదరసం, సీసం గట్టిగా పట్టుకుంటాయి. తాళంలో విరిగిన చెవి ఇరుక్కుంటే అసలు తాళంచెవి పట్టనట్లు, ఆ ఎంజైము ఇక పని చేయదు. కొన్ని ఎంజైములలో ఉండవలసిన లోహాన్ని తోసివేసి మరొక లోహం ఆ పీట మీద కూర్చుంటుంది. కణపు పొర కూడా దెబ్బతింటుంది. బ్రతికి ఉన్న బాక్టీరియా సైతం తన శక్తిలో అధిక భాగాన్ని లోహాన్ని బయటకు నెట్టడానికే ఖర్చు చేస్తుంది; పెరగడానికి మిగిలేది తక్కువ. అందువల్లనే లోహం చేరిన నేలలో జీవరాశి తగ్గినా, ఉన్న జీవులు విడిచే శ్వాస మాత్రం ఒక్కొక్కదానికి ఎక్కువగా ఉండడం శాస్త్రజ్ఞులు గమనించారు. అది ఆరోగ్యానికి కాదు, ఆయాసానికి గుర్తు.

ఇది ఊహ కాదని చెప్పడానికి ఇంగ్లండులో జరిగిన ఒక దీర్ఘకాల పరిశోధనను పేర్కొంటాము. ఓబర్న్ అనే చోట రోథమ్‌స్టెడ్ పరిశోధనా కేంద్రం వారు 1942 నుండి 1961 వరకు కొన్ని మళ్లకు లండను మురుగునీటి మడ్డిని ఎరువుగా వేశారు. ఆ మడ్డిలో జింకు, రాగి, నికెల్, కాడ్మియం ఉన్నాయి. తరువాత వేయడం మానివేశారు. ఇరవై ఏళ్లకు పైగా గడిచాక, 1980లలో ఆ మళ్లను పరీక్షించారు. లోహాలు ఉన్న నేలలోని సూక్ష్మజీవరాశి, పశువుల ఎరువు వేసిన పక్క మళ్లతో పోలిస్తే సుమారు సగమే ఉన్నది. అక్కడ తెల్ల క్లోవరు అనే పప్పుజాతి పశుగ్రాసాన్ని పెంచితే వేళ్లకు బుడిపెలు వచ్చాయి. కాని అవి చిన్నవి, తెల్లనివి, నత్రజనిని పట్టలేనివి. పని చేయగల రైజోబియం ఆ నేలలో నశించి, పని చేయలేని రకమే మిగిలింది. పైకి చూస్తే పచ్చని మడి. లోపల పనివారు లేని కార్ఖానా.

మిత్రులారా, ఇక్కడ మూడు ఆక్షేపణలు రావచ్చును. వాటికి సమాధానం చెప్పుకోకపోతే మేము నేల విడిచి సాము చేసినవారమవుతాము.

మొదటి ఆక్షేపణ: జింకు విషమెట్లా అవుతుంది, వరికి మన రైతులే కొని వేస్తున్నారు కదా? నిజమే. జింకు లోపించిన వరి ఆకుల మీద తుప్పు రంగు మచ్చలు వస్తాయి. ఎకరానికి 20 కిలోల జింకు సల్ఫేటు వేయమని వ్యవసాయ శాఖవారు చెబుతారు. జింకు, రాగి ప్రాణులకు కొద్ది మోతాదులో అవసరమే. కూరలో ఉప్పు అవసరమైనంత మాత్రాన గిన్నెడు ఉప్పు తినలేము. సీసానికి, కాడ్మియానికైతే మన శరీరంలో గాని సామాన్య మృత్తికా బాక్టీరియాలో గాని చేయవలసిన పని అంటూ ఏదీ లేదు.

రెండవ ఆక్షేపణ: బాక్టీరియా త్వరగా అలవాటు పడతాయి కదా, నష్టమేమి? ఇదీ సగం నిజం. 1976లో, అనగా మన మింది కర్మాగారం మొదలయ్యే ముందటి ఏడు, బెల్జియంలోని ఒక జింకు కర్మాగారపు మడ్డి తొట్టెలో ఒక బాక్టీరియాను కనుగొన్నారు. జింకును, కాడ్మియాన్ని, కోబాల్టును కణంలో నుండి పంపులతో తోడి బయట పోయగల నేర్పు దానికి ఉన్నది. ఇట్టి జీవులు రేపు కలుషిత జలాలను శుభ్రపరచడానికి ఉపకరించవచ్చును. అయితే గమనించవలసిన విషయాలు రెండు. తట్టుకున్న బాక్టీరియా మనకు కావలసిన పని చేస్తుందన్న హామీ లేదు. ఓబర్న్ మళ్లు చెప్పిన పాఠం అదే. ఇంకొకటి, లోహాన్ని తట్టుకునే గుణాలు తరచుగా ప్లాస్మిడ్లు అనే చిన్న చుట్టల మీద ఉంటాయి. వాటిని బాక్టీరియా ఒకదానికొకటి అందించుకోగలవు. అదే చుట్ట మీద మందులను తట్టుకునే గుణాలు కూడా ఉండడం కద్దు. అనగా లోహం చేరిన నేల, ఏ మందూ వేయకుండానే, మందులకు లొంగని బాక్టీరియాను ఎంపిక చేసి పెంచగలదు. ఔషధాలయమైన నేలయే ఔషధాలకు ఎదురు తిరిగేవారికి శిక్షణాలయం అయితే అంతకంటె విషాదం ఏమున్నది?

మూడవ ఆక్షేపణ: చదువు, ఉద్యోగం, ఇల్లు ఇన్ని సమస్యలుండగా కంటికి కనబడని పురుగుల గొడవ మనకెందుకు? జపానులోని తొయామా ప్రాంతపు జింజూ నది కథ దీనికి జవాబు. ఎగువన కమియోకా గని నుండి వచ్చిన కాడ్మియం నది నీటిలో కలిసి వరిమళ్లలో చేరింది, బియ్యంలో చేరింది, తిన్నవారి, ముఖ్యంగా స్త్రీల, మూత్రపిండాలు చెడి ఎముకలు పెళుసుబారాయి. నొప్పితో "ఇతాయి, ఇతాయి" అని మూలిగినందున ఆ వ్యాధికే ఆ పేరు వచ్చింది. 1968లో జపాను ప్రభుత్వం దానికి కాడ్మియమే కారణమని అంగీకరించింది. ఆ పొలాలను బాగుచేయడానికి మూడు దశాబ్దాలకు పైగా పట్టింది. మన ఊరు అట్టి స్థితిలో ఉన్నదని మేము అనడం లేదు. పరీక్షించని నేల గురించి బాగున్నదని గాని బాగులేదని గాని చెప్పడం శాస్త్రం కాదు. నేల మనకు ముందుగా ఇచ్చే హెచ్చరికను వినకపోతే, ఆ తరువాతి హెచ్చరిక మనుషుల ఎముకలలో నుండి వస్తుందని మాత్రం అంటున్నాము. బాక్టీరియా ఆ మొదటి హెచ్చరిక.

మరి ప్రభుత్వం ఈ లెక్కను తీయడం లేదా? 1974లో నీటి చట్టం వచ్చింది, 1981లో గాలి చట్టం వచ్చింది, 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం వచ్చింది. నేల పేరు పెట్టి వాటివలె ప్రత్యేకమైన చట్టం రాలేదు. 2015లో భూసార పత్రాల పథకం వచ్చి రైతుల చేతికి ఒక కార్డు నిచ్చింది. ఎంతో మంచి పని. ఆ కార్డులో 12 అంశాలు ఉంటాయి: నత్రజని, భాస్వరం, పొటాషియం, గంధకం, జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్, ఉదజని సూచిక, లవణ సాంద్రత, సేంద్రియ కర్బనం. చూడండి, అందులో జింకు ఉన్నది. చాలినంత ఉన్నదా లేదా అని అడగడానికి ఉన్నది. సీసం లేదు, కాడ్మియం లేదు, జీవుల లెక్క అసలే లేదు. పారిశ్రామిక నగరపు అంచున తోటకూర, పాలకూర పండించి బజారుకు తెచ్చే రైతుకు ఆ కార్డు అతని అసలు సందేహాన్ని తీర్చదు. ఆకుకూరలు కాడ్మియాన్ని తేలికగా తీసుకునే పైర్లలో ముఖ్యమైనవి. ఆ ఆకుకూరలే మన ఇంటి పళ్లెంలోకి వస్తున్నాయి.

ఇందుకు మేము కార్యవర్గం వారికి సవినయంగా చేసే సూచన ఇది. వచ్చే విద్యాసంవత్సరంలో మన విజ్ఞాన విభాగం ఒక చిన్న మృత్తికా పరిశీలన చేపట్టాలి. కళాశాల ఆవరణ, పాత పట్టణంలో ఒక పెరడు, మేఘాద్రిగెడ్డ ఒడ్డు, పారిశ్రామిక వాడ సమీపాన ఒక ఖాళీ స్థలం, భీమిలి వైపు దూరంగా ఒక పొలం, ఈ అయిదు చోట్ల యజమానుల అనుమతితో మట్టి తెచ్చి పోల్చి చూడాలి. దీనికి లక్షలు అవసరం లేదు. ఉదజని సూచికను కొలిచే పరికరం డిగ్రీ ప్రయోగశాలలో ఉండేదే. మట్టిని శుద్ధజలంలో పలుచన చేసి అగార్ పళ్లేలలో పోస్తే రెండు మూడు రోజులలో బాక్టీరియా గుంపులు చుక్కలుగా కనిపిస్తాయి, వాటిని లెక్కించవచ్చును. నేలలోని జీవులలో అగార్ మీద పెరిగేవి నూటికి ఒకటి మాత్రమే అయినా, ఒకే పద్ధతిలో అయిదు నేలలను పోల్చడానికి అది చాలును. టి.టి.సి. అనే రంగులేని రసాయనాన్ని మట్టిలో కలిపితే బ్రతికి ఉన్న జీవుల శ్వాసక్రియ వల్ల అది ఎర్రబడుతుంది. ఎరుపు ఎంత గాఢమో జీవక్రియ అంత చురుకు.

ప్రయోగశాల లేనివారు కూడా చేయగల పరీక్షలు రెండు ఉన్నాయి. తెల్లని నూలు గుడ్డ ముక్కలను సమానంగా కత్తిరించి అయిదు చోట్లా జానెడు లోతున పాతి, రెండు నెలలకు తీసి చూడాలి. జీవులు చురుకుగా ఉన్న నేలలో గుడ్డ చివికి జాలెగా మారుతుంది. జీవులు మందగించిన నేలలో చాలవరకు మిగిలి ఉంటుంది. రెండవది, అయిదు నేలల మట్టిని కుండీలలో పోసి బొబ్బర్లు నాటాలి. పూత సమయంలో మొక్కను జాగ్రత్తగా పెకలించి వేరు బుడిపెలను లెక్కించాలి; ఒక్కొక్కదానిని గోటితో చీల్చి చూడాలి. లోపల గులాబి రంగు ఉంటే అది పని చేస్తున్నది. తెల్లగా ఉంటే పని చేయడం లేదు. పాఠ్యపుస్తకంలో పది పేజీలు చదివినా రాని జ్ఞానం ఆ ఒక్క బుడిపె చీల్చినప్పుడు వస్తుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పడం మా ధర్మం. జీవులు తక్కువగా కనిపించినంత మాత్రాన లోహమే కారణమని తీర్మానించరాదు. ఉప్పు నీరు, ఎండ, ఆమ్లత్వం, గత్తం లేకపోవడం వీటిలో ఏదైనా కారణం కావచ్చును. కాబట్టి అయిదు మట్టి నమూనాలలోని లోహాలను కూడా తూచి చూపవలసి ఉన్నది. దానికి పెద్ద యంత్రం కావాలి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలోని విజ్ఞాన శాఖలను గాని, అనకాపల్లి వ్యవసాయ పరిశోధనా స్థానాన్ని గాని కార్యవర్గం వారు ఒక ఉత్తరం ద్వారా కోరితే అది అసాధ్యం కాదని మా ఆశ. ఫలితం ఏదైనా సరే, ఏ సంస్థనూ వేలెత్తి చూపకుండా, ఏ సంఖ్యనూ దాచకుండా, వచ్చే వార్షిక సంచికలో ఉర్దూలోనూ తెలుగులోనూ ప్రచురించాలని మా కోరిక. మన తల్లులలో అనేకులు ఈ రెండు భాషలలోనే చదువుతారు. పెరటి మట్టితో ప్రతిదినం పని ఉన్నది వారికే.

ఫలితాలు వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కరలేదు. మన ప్రాంతపు నేలల్లో ఎర్ర నేలలు విస్తారం. వాటిలో సేంద్రియ పదార్థం సాధారణంగా తక్కువ. గత్తం, ఆకు ఎరువు వేస్తే అవి సీసం, రాగి వంటి లోహాలను పట్టి ఉంచి జీవులకు ఆహారం కూడా ఇస్తాయి. పులుపెక్కిన నేలకు సున్నం వేస్తే కాడ్మియం, జింకు నీటిలో కరగడం తగ్గుతుంది. లోహం పోదు, దాని దూకుడు తగ్గుతుంది. ఎక్కడిదో తెలియని మట్టిని, మడ్డిని తెచ్చి ఇంటి స్థలాలను పూడ్చే అలవాటును మానాలి. ఒక చోటి వ్యాధిని లారీలో ఎక్కించి మరొక చోట దించడం అది. పాత పారిశ్రామిక స్థలాలలో తినే పైర్లకు బదులు నీడనిచ్చే చెట్లు పెంచడం మేలు. ఆకుకూరలను పారే నీటిలో బాగా కడగాలి. అది ఆకు మీది దుమ్మును పోగొడుతుంది, ఆకు లోపలికి చేరినదానిని పోగొట్టలేదు. మట్టిలో ఆడిన పిల్లల చేతులు అన్నానికి ముందు కడిగించాలి. ఇవి పెద్ద మాటలు కావు. కాని ఏ ఇంటిలోనైనా ఈ రోజే ఆరంభించదగినవి.

మా ఉర్దూ విభాగపు మిత్రులు మట్టిని "ఖాక్" అంటారు, మేము "మన్ను" అంటాము. మనిషి మట్టి నుండి వచ్చాడని, మట్టిలోనే కలుస్తాడని రెండు భాషల పెద్దలూ చెప్పారు. ఆ మాటను వైరాగ్యానికి వాడుకోవడం మనకు అలవాటయింది. దానిని బాధ్యతగా కూడా చదువుకోవచ్చునని మేము భావిస్తున్నాము. మనం కలవవలసిన మట్టి ఎట్లా ఉన్నదో మనమే చూసుకోవాలి కదా.

"విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు" అని మన తాతల తరం నినదించింది. ఆ హక్కు వెల లేకుండా రాలేదు. ఆ ఉక్కు నీడలో పెరిగిన మన తరానికి మరొక కర్తవ్యం మిగిలింది: ఈ నగరపు నేలను, అందులోని జీవులను లెక్కలోకి తీసుకోవడం. కార్యవర్గం పెద్దలు ఒక అలమార, కొన్ని గాజు పళ్లేలు, అయిదు కుండీలు మంజూరు చేస్తే చాలును. బొబ్బర్ల గింజలు మేము మా ఇళ్ల నుండి తెచ్చుకుంటాము.